ఇరవై అయిదో కాగితం

"చనిపోయినవాడు ఇంజనీరు. లిఫ్టులో పోయాడు. గుండె ఆగిపోయిందని వాళ్ళ ఆఫీసు డాక్టరు రాశాడు. ఎడమ చెవి వెనకాల సూది గుచ్చిన గుర్తు ఉందని మన డాక్టరు రాశాడు."

పెద్దాయన ఫోటోని బల్లమీదికి విసిరాడు. డిపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ని పెద్దాయన అనే అంటారు. అసలు పేరు ఆయన భార్యకి తప్ప ఎవరికీ తెలియదని చెప్పుకుంటారు.

బల్లకి ఇవతల కూర్చున్న ఏజెంట్ పదిహేడు నుదుటిమీది కళ్ళజోడు కిందికి లాక్కుని ఫోటో చూశాడు. వయసు నలభై ఎనిమిది. నున్నటి బట్టతల. కళ్ళజోడు లేకపోతే తన అరచేతిలో గీతలు కూడా కనపడవు. అందుకే డిపార్ట్‌మెంటులో కుర్రాళ్ళు ఆయనకి చత్వారం అని పేరు పెట్టారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు.

"నది కింద సొరంగం ఉంది కదా, దాని కంట్రోల్ రూంలో సెట్టింగుల ఫైలు ఇతని చేతిలో ఉండేది. చచ్చిపోయే ముందురోజు మనకి కబురు పంపాడు. ఒకటే వాక్యం. 'ఫైలు చదవగలిగేవాణ్ణి పంపండి.'"

"అందుకని నేనా?"

"పిస్టల్ పేల్చేవాళ్ళు నా దగ్గర నలభై మంది ఉన్నారు. ఫైళ్ళు చదివేవాడివి నువ్వొక్కడివే."

అది మెచ్చుకోలో వెక్కిరింతో చత్వారానికి అర్థం కాలేదు. ఆరేళ్ళుగా ఆయన ఒకే గొడవమీద నెత్తీనోరూ కొట్టుకుంటున్నాడు. యంత్రాలకి పెట్టే సెట్టింగుల ఫైళ్ళన్నీ ఒకే వరుసలో, ఊపిరి తీసుకునే చోటు లేకుండా, బ్రాకెట్లూ కొటేషన్లూ కుక్కి రాస్తున్నారు. యంత్రానికి అది హాయే. మనిషి చదవాలంటే నరకం. మనిషి చదవలేని చోట ఎవడైనా ఏమైనా దాచవచ్చు. వరుసలు విరిచి రాయండి, లోపలి సంగతి లోపలికి జరిపి రాయండి, పక్కన నాలుగు ముక్కల వివరణ పెట్టండి అని సర్క్యులర్ మీద సర్క్యులర్ పంపాడు. వాటిని మడిచి కుర్చీ కాళ్ళకింద ఎత్తుకి పెట్టుకున్నారు.

"వినండి," అన్నాడు పెద్దాయన. ముఖ్యమైన సంగతి చెప్పేటప్పుడు ఆయన అందరినీ మీరు అనేస్తాడు. "ఇవాళ పదకొండు నలభై రెండుకి ఒక స్పెషల్ రైలుబండి సొరంగం మధ్యకి వస్తుంది. అందులో మన శాస్త్రవేత్తలు ఆరుగురు ఉంటారు. సొరంగం మధ్యలో ఉక్కు గేటుంది. నది పొంగితే నీళ్ళు ఆపడానికి. త్రికోణం ముఠా చెయ్యి ఆ గేటు దాకా వెళ్ళిందని మా అనుమానం."

త్రికోణం అంటే సముద్రం అవతలి ముఠా. ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ పని చేసిపెడుతుంది.

"బండి ఆపెయ్యండి," అన్నాడు చత్వారం.

"ఆధారం ఏదని పైవాళ్ళు అడుగుతున్నారు. ఆధారం ఆ ఫైల్లో ఉంది. దొరికిన మరుక్షణం ఫోన్ చెయ్యండి, ఆపిస్తాను. ఫోన్ రాకపోతే అనుమానం ఉత్తదే అనుకుని బండి వదిలేస్తారు. కంట్రోల్ రూంలో మన మనిషి ఉంది. కోడ్ నేమ్ పాదరసం. ఏడాదిగా త్రికోణం వాళ్ళ మనిషిలా నటిస్తూ మనకి కబుర్లు పంపుతోంది."

చత్వారం లేచి తలుపు దాకా వెళ్ళాడు.

"ఇంకొకటి," అన్నాడు పెద్దాయన, కళ్ళు కాగితాల మీదే ఉంచి. "బండి నడిపేది మీ తమ్ముడు."

చత్వారం తలుపు పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తమ్ముడు ఆయనకంటే పన్నెండేళ్ళు చిన్న. వాడికి ఎక్కాలు నేర్పిందీ, సైకిలు వెనకాల పరిగెత్తిందీ, డ్రైవరు పరీక్షకి రాత్రంతా కూర్చుని చదివించిందీ తనే. అన్నయ్య ఏదో ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుకుంటాడని వాడి నమ్మకం.

"డ్రైవర్ని మారిస్తే?"

"ముఠాకి తెలిసిపోతుంది. ఇంకోసారి ఇంకో బండి. మార్చనా?"

ఇంకో బండిని ఇంకెవరి తమ్ముడో నడుపుతాడు. చత్వారం బయటికి నడిచాడు.

పదకొండు గంటలకి ఏసీ మెకానిక్ వేషంలో సొరంగం ఆఫీసు చేరాడు. నీలం చొక్కా, పనిముట్ల సంచీ, చెవి వెనకాల పెన్సిలు. గేటు దగ్గర కాపలావాళ్ళు నిలువునా తడిమారు. ఫోను తీసుకున్నారు. విషపుసూది ఉన్న వాచీ తీసుకున్నారు. కెమెరా ఉన్న పెన్ను తీసుకున్నారు. పైజేబులోని దువ్వెనని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశారు. బట్టతలవాడికి దువ్వెనెందుకన్న ఆలోచన వాళ్ళకి రాలేదు. డిపార్ట్‌మెంటులో ఎవరికీ కూడా రాలేదు. ఆ దువ్వెన పిడిలో ఆయన ఆరేళ్ళ కష్టం ఉంది: చిక్కుపడిన ఫైలుని వరుసలు వరుసలుగా విడదీసి పెట్టే ప్రోగ్రాం. దానికీ ఆయన దువ్వెన అనే పేరు పెట్టుకున్నాడు.

మూడంతస్తులు కిందికి దిగాక ఉక్కు తలుపు. తలుపు దగ్గర ఒక స్త్రీ నిలబడి ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ముదురు ఎరుపు చీర, మెడలో సన్నటి గొలుసు, కళ్ళలో ఎవరినైనా రెండోసారి తిరిగి చూసేలా చేసే నవ్వు. ఇంత అందం ఇంత లోతున పాతిపెట్టడం అన్యాయమని ఆ పరిస్థితిలోనూ చత్వారానికి అనిపించింది.

"చల్లదనం సరిపోతోందా మేడం?" అన్నాడు.

"మాకు సరిపోతోంది. యంత్రానికే ఉక్కపోత," అందామె. కోడ్ సరిగ్గా కలిసింది.

"మిగతా ముగ్గురినీ ఫైర్ డ్రిల్లుకని పైకి పంపించేశాను. త్వరగా కానివ్వండి సార్," అంది లోపలికి నడుస్తూ.

కిటికీ లేని గది. గోడ నిండా దీపాలు. ఒక టెర్మినల్, ఒక పాత ప్రింటరు, ఎర్ర ఫోను. సీలింగులో మంటలార్పే గ్యాసు గొట్టాలు. చత్వారం కుర్చీ లాక్కుని ఫైలు తెరిచాడు. నలభై ఒక్క వేల అక్షరాలు, ఒకే ఒక్క వరుస. తెరమీద ఒకసారికి ఎనభై అక్షరాలే కనపడతాయి.

{"నదిగేటు":{"స్థితి":"పైకి","మూసేసమయం":"లేదు","ఆలస్యం":0},"పంపులు":{"ఒకటి":{"స్థి

"నదిగేటు అని కొట్టి వెతికాను సార్, ఇంతకుముందే," అంది పాదరసం ఆయన భుజం మీంచి. "చూశారుగా, మూసే సమయం లేదు. అంతా సవ్యంగానే ఉంది."

అప్పుడే వెనకాల ధన్‌మని చప్పుడైంది. ఉక్కు తలుపు మూసుకుంది. గోడ గడియారం పదకొండు పన్నెండు. చత్వారం ఎర్ర ఫోను ఎత్తాడు. ఉలుకూ పలుకూ లేదు. తలుపుని భుజంతో గుద్దాడు, సంచీలోంచి సుత్తి తీసి కొట్టాడు. తలుపుకి గీత కూడా పడలేదు.

"కరెంటు తీసేస్తే?" అన్నాడు.

"కరెంటు పోతే గేటు దానంతటదే పడిపోతుంది. వరదకి జాగ్రత్తగా అలా కట్టారు."

అంటే యంత్రాన్ని పగలగొట్టడానికి లేదు, ఆపడానికి లేదు, ఎవరినీ పిలవడానికి లేదు. ఈ గదిలో చెయ్యగలిగింది ఒక్కటే. ఫైలుని మార్చడం. పది నిమిషాలకోసారి యంత్రం ఫైలుని మొదట్నుంచీ చదువుకుంటుంది. బండి రావడానికి ముందు చివరిసారి చదివేది పదకొండు నలభైకి. ఫైల్లో ఏ చిన్న తేడా ఉన్నా దాన్ని తోసిపుచ్చి పాతదాన్నే పట్టుకుంటుంది. తప్పు చేస్తే దిద్దుకునే అవకాశం లేదు.

చత్వారం దువ్వెన పిడి విప్పి టెర్మినల్ పక్కన గుచ్చబోయాడు.

"వద్దు సార్! బయటి వస్తువు పెడితే అలారం మోగుతుంది!"

"మోగనివ్వండి మేడం. అలారం వింటే ఎవరైనా వస్తారు. ఇప్పుడు మనకి కావలసింది అదేగా?"

ఆయన దువ్వెన గుచ్చేశాడు. అలారం మోగలేదు. ప్రింటరు కిర్రుమంటూ పని మొదలుపెట్టింది. కాగితం మీద కాగితం వచ్చి పడుతోంది. ఫైలు మొత్తం మనుషులు చదివే రూపంలో: ఒక్కో సంగతికీ ఒక్కో వరుస, ఒకదానికి చెందింది దాని కింద నాలుగు అక్షరాలు లోపలికి, దానికి చెందింది ఇంకో నాలుగు లోపలికి. బ్రాకెట్లు లేవు, కొటేషన్లు లేవు. కాగితాల మీద నంబర్లు కూడా లేవు. అది వేయించాలని ఆయన ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు.

"మీరు తీసి ఇవ్వండి, నేను చదువుతాను," అని నేలమీద చతికిలబడ్డాడు.

మూడో కాగితంలో ఒక సంగతి కనపడింది.

కంట్రోల్ గది తలుపు
    మూసే సమయం: 11:12
    తెరిచే సమయం: 11:43

"ఇదిగో మేడం! మనల్ని బంధించింది ఇదే. పదకొండు నలభై మూడుకి మళ్ళీ తెరుచుకుంటుంది," అన్నాడు. బండి మధ్యకి వచ్చిన నిమిషం తర్వాత తెరుచుకుని ఏం లాభం అని లోపల అనుకున్నాడు. ఆమె చిన్నగా నిట్టూర్చింది. భయం తగ్గినవాళ్ళ నిట్టూర్పు అనుకున్నాడాయన.

పంపులు, దీపాలు, ఫ్యాన్లు, సిగ్నళ్ళు. కళ్ళలో వత్తులు వేసుకుని చదువుతున్నాడు. గది వేడెక్కుతోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక్కో కాగితం పూర్తికాగానే గడియారం వైపు చూడకూడదనుకునేవాడు, చూసేవాడు. పదకొండు ఇరవై. పదకొండు ముప్ఫై. తమ్ముడు ఈపాటికి బండి ఎక్కి టోపీ సర్దుకుని ఉంటాడు. వాడికి టోపీ ఎప్పుడూ కాస్త పెద్దదే.

పదకొండు ముప్ఫై నాలుగు. పాదరసం ఆఖరి కాగితం అందించింది. దాని అడుగున ఇలా ఉంది.

కంట్రోల్ గది తలుపు
    తెరిచే సమయం: లేదు
    గ్యాసు వదిలే సమయం: 11:45

మంటలార్పే గ్యాసు వదిలితే గదిలో గాలి మిగలదు. తలుపు నలభై మూడుకి తెరుచుకోదు. అసలు తెరుచుకోదు. ఈ మాట ఆమెకి ఎలా చెప్పడం? తన వయసు కూడా లేని మనిషి. ఆయన కాగితాన్ని నెమ్మదిగా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మడిచాక బుర్ర పని చేసింది. తలుపు సంగతి ఫైల్లో రెండుసార్లు ఉంది! ఒకే పేరు కింద ఒకే సంగతి రెండుసార్లు వస్తే యంత్రం చివరిదాన్నే పట్టుకుంటుంది. పేరు కొట్టి వెతికేవాడికి మాత్రం మొదటిది దొరుకుతుంది, ఆ టెర్మినల్ అక్కడితో ఆగిపోతుంది. ఒకే వరుసలో నలభై వేల అక్షరాలు దాటి ఎవడు చూస్తాడు? అయితే నదిగేటు కూడా రెండోసారి ఉండి తీరాలి. కానీ తను అన్నీ చదివాడు. ఎక్కడా లేదు.

కాగితాలని వరసగా నేలమీద పరిచాడు. అక్షరాలు చదవలేదు. ఎడమ అంచు చూశాడు, అంతే. వరుసలు మెట్లలా లోపలికి వెళ్తున్నాయి, బయటికి వస్తున్నాయి. ఆఖరుకి ముందు కాగితం 'వరండా దీపాలు' అన్న శీర్షికతో ముగిసింది, దాని కింద ఒక్క దీపమూ లేదు. ఆఖరి కాగితం మొదటి వరుసే పన్నెండు అక్షరాలు లోపల మొదలైంది, దాని పైన ఏ శీర్షికా లేదు. మధ్యలో మెట్లు మాయమయ్యాయి.

లెక్కపెట్టాడు. ఇరవై అయిదు కాగితాలు. మధ్యలో పోయినదానితో కలిపి ఉండాల్సింది ఇరవై ఆరు.

"ఇరవై అయిదోది ఎక్కడ?" అన్నాడు తల ఎత్తకుండా.

జవాబుగా క్లిక్ మని చప్పుడు వినిపించింది. తల ఎత్తేసరికి లిప్‌స్టిక్ గొట్టమంత చిన్న పిస్టల్ ఆయన ముఖానికి ఎదురుగా ఉంది. ఆయన లేవబోయాడు. ఆమె తోసింది. కళ్ళజోడు జారి పడింది, ఆమె మడమ కింద నలిగింది.

"ఏడాదిగా రెండువైపులా నటిస్తున్నాను సార్. అలిసిపోయాను. ఇవాళ ఒకవైపు తేలిపోతుంది," అంది పాదరసం. ఇప్పుడు ఆమె ఆయనకి ఎర్రటి మసకలా ఉంది. "ఇంజనీరు ఎలా పోయాడో నాకు తెలుసు. మీరూ ఈ గదిలో పోతారు. నేను మాత్రం పాపం లోపల ఇరుక్కుపోయిన ఆఫీసర్ని. ఎవరూ నన్ను అనుమానించరు. నలభై మూడుకి నా తలుపు తెరుచుకుంటుంది."

"ఎవరు చెప్పారు నీకు?" మీరు పోయి నువ్వు వచ్చింది.

"చెప్పడమేమిటి? నా కళ్ళతో నేనే చూశాను. తలుపు అని కొట్టి వెతికి చూశాను."

"వెతికి చూశావు. మొదటిది దొరకగానే ఆగిపోయావు."

ఆమె మూసిన తలుపు వైపు ఒకసారి చూసింది.

"గేటు కిటుకు వాళ్ళే నీకు నేర్పారు కదా? చివరిదే చెల్లుతుందని? నేర్పినవాళ్ళు నీమీద వాడరనుకున్నావా?" ఒళ్ళోని కాగితం తీసి చాచాడు. "చదువుకో. దువ్వి పెట్టాను. కళ్ళున్నవాళ్ళెవరైనా చదవచ్చు. నువ్వు భయపడతావని దాచాను, నా మతిమండా!"

ఆమె పిస్టల్ దించకుండానే కాగితం అందుకుంది. మూడు వరుసలు చదవడానికి ఎంతసేపు? చదివింది. మళ్ళీ చదివింది. తలెత్తి సీలింగులోని గొట్టాల వైపు చూసింది. ముఠావాళ్ళందరి ముఖాలూ తెలిసిన ఏకైక మనిషి తనే. అందుకే తనకి తలుపు లేదు.

"దొంగవెధవలు," అంది.

"ఏడవడానికి తర్వాత టైముంది. టైమెంత?"

"ముప్ఫై ఏడు."

"నాకు కళ్ళు లేవు. వేళ్ళున్నాయి. నేను కొడతాను, తెరమీద పడింది పడ్డట్టు నువ్వు గట్టిగా చదువు. ఒక్క గుర్తు తప్పు చదివినా ఇద్దరం ఇక్కడే."

ఆయన తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. ఇరవై అయిదో కాగితం ఆమె చీర మడతల్లోంచి బయటికి వచ్చింది. అందులో ఉంది నదిగేటు రెండోసారి, మూసే సమయం 11:42. దాన్ని చెరపాలంటే ఆ వరుసలో దాని చోటు వెతకాలి, అంత టైము లేదు. చెరపనక్కర్లేదు. ఫైలు చిట్టచివరికి వెళ్ళడానికి ఒక్క మీట చాలు. ఆఖరి బ్రాకెట్టు తీసేసి అక్కడ మూడోసారి రాస్తే, యంత్రం ఆ మూడోదాన్నే నమ్ముతుంది.

"నదిగేటు," చదివింది ఆమె. "మూసే సమయం, లేదు. బ్రాకెట్టు మూశారు. ఇప్పుడు తలుపు. ఇప్పుడే తెరుచుకునేలా రాయండి!"

"పదకొండు నలభై మూడు. ముందు నీకు మాటిచ్చిన టైమే."

"ఎందుకు?"

"బండి దాటేదాకా నువ్వు నా కళ్ళముందే ఉంటావు. కళ్ళు లేకపోయినా సరే. చదువు."

"తెరిచే సమయం, పదకొండు నలభై మూడు. గ్యాసు, లేదు." ఆమె ఆగింది. "సార్... బ్రాకెట్టు ఒకటే మూశారు. రెండు ఉండాలి."

ఆయన వేళ్ళు మీటల మీద ఆగాయి. ఇది నిజమా, ఆఖరి మోసమా? మసక తెర వైపు చూశాడు. ఏమీ కనపడలేదు. తమ్ముడి ప్రాణం ఆ ఒక్క మాట మీద వేలాడుతోంది, ఆ మాట చెప్పింది అబద్ధాలాడటమే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి. కానీ సీలింగులో గొట్టాలు ఆమెకీ ఉన్నాయి. ఇంకో బ్రాకెట్టు కొట్టి సేవ్ చేశాడు.

పదకొండు నలభై. యంత్రం ఫైలు చదువుకుంది. ఎక్కడో చిన్న దీపం వెలిగింది.

"ఏ రంగు?" అన్నాడు.

"పచ్చ," అంది.

బండికి ఇంకా రెండు నిమిషాలు. పిస్టల్ బల్లమీద ఉంది, ఇద్దరికీ అందేంత దూరంలో. ఎవరూ ముట్టుకోలేదు. కాళ్ళకింద నేల మెల్లగా అదరసాగింది. అదురు పెరిగింది. ప్రింటరు మీది కాగితాలు గలగలమన్నాయి. చత్వారం రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుని, ఇప్పుడు పడుతుందా, ఇప్పుడు పడుతుందా అని ఉక్కు చప్పుడు కోసం వింటున్నాడు.

ఆ చప్పుడు రాలేదు. అదురు తగ్గింది. ఇంకా తగ్గింది. బండి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది.

చత్వారం కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుస్తున్నట్టు అప్పుడే తెలిసింది. నలభై మూడుకి తలుపు తెరుచుకుంది. ఆయన పిస్టల్ తీసి జేబులో వేసుకుని, ప్రాణం వచ్చిన ఎర్ర ఫోనులో మొదట పెద్దాయనకి చెయ్యలేదు, తమ్ముడికి చేశాడు.

"డ్యూటీలో ఉండగా చెయ్యొద్దన్నానా అన్నయ్యా?" అన్నాడు వాడు.

"ఊరికేరా. భోంచేశావా అని."

"ఇంకా పన్నెండు కూడా కాలేదు!" అని విసుక్కుని పెట్టేశాడు.

సాయంత్రానికల్లా పాదరసం చెప్పిన ఆచూకీలతో త్రికోణం వాళ్ళు తొమ్మిదిమంది దొరికారు. ఆమె వాంగ్మూలం పదకొండు పేజీలయింది. మొదటి పేజీ పైన పెట్టి, అంతా నువ్వు చెప్పిందే, సంతకం చెయ్యమని పెన్ను అందించాడు పెద్దాయన. ఆమె పెన్ను పక్కన పెట్టి, కాగితాల కట్టని తిరగేసి, పదకొండో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.